మనం ఏరకపోయినా ట్యాంకు ఏరుతుంది

రొయ్యల చెరువు పట్టుబడి తెల్లవారకముందే మొదలుపెడతారు. ఎండెక్కితే సరుకు మెత్తబడిపోతుంది. 2003 ప్రాంతంలో నేను కోస్తాలో ఒక నీలకంఠ రొయ్యల హేచరీలో (గుడ్ల నుంచి పిల్లను తీసి అమ్మే చోట) టెక్నీషియన్‌గా ఉండేవాణ్ణి. చుట్టుపక్కల ఎక్కడ పట్టుబడి ఉన్నా ఆ వేళకి గట్టు మీద ఉండటం నా డ్యూటీ. వల లాగినవాళ్లు సరుకును టార్పాలిన్ మీద కుమ్మరిస్తే, ఆడవాళ్లు చుట్టూ కూర్చుని గ్రేడింగ్ చేసేవారు. నీలం డెక్కల పెద్ద మగవి ఒక పెట్టెలోకి, నారింజ డెక్కలవి ఇంకో పెట్టెలోకి, గుడ్డు లేని మంచి సైజు ఆడవి మరో పెట్టెలోకి. ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య, మళ్లీ ఐసు. చివరికి మిగిలేవి పొట్టకింద గుడ్లు మోసుకుంటున్న చిన్న ఆడవి. వాటికి ఏజెంటు సగం రేటు కట్టేవాడు. "ఇవి మీరే పట్టుకెళ్లండి సార్" అని రైతు ఆ కుప్పను నా వైపు తోసేవాడు.

నేను మోకాళ్ల మీద కూర్చుని వాటిలో ఏరేవాణ్ణి. బతికున్నవా, కాళ్లు విరగలేదా, గుడ్డు నిండుగా ఉందా. అంతే చూసేవాణ్ణి. ముప్పయ్యో నలభయ్యో దొరికితే డ్రమ్ములో వేసి, ఆక్సిజన్ పెట్టి, వ్యాన్ ఎక్కించేవాణ్ణి. ఆ సీజనుకు అవే మా తల్లి రొయ్యలు. వాటి పిల్లే మళ్లీ అదే రైతు చెరువులోకి వెళ్లేది. ఆ చెరువు పట్టుబడి రోజున మళ్లీ నేనే వెళ్లి, మళ్లీ అడుగున మిగిలినవే తెచ్చేవాణ్ణి.

అందులో తప్పేముందని అప్పుడు నాకు తట్టలేదు. ఆ చెరువులో బాగా ఎదిగినవన్నీ ఐసు పెట్టెల్లోకి పోయాయి. ఎదగడం మానేసి, తిన్నదంతా గుడ్డు మీద పెట్టినవి మాత్రం తరువాతి తరానికి తల్లులయ్యాయి. ఎద్దుల్లో అయితే ఇలా చేస్తామా? ఒంగోలు గిత్తల్ని పెంచే ఏ రైతైనా మంచి దూడల్ని సంతలో అమ్మేసి, ఎవరూ కొనని బక్కదాన్ని విత్తనానికి ఉంచుకుంటాడా? పశువు విషయంలో నాలుగు తరాల వెనక తల్లి ఎవరో చెప్పగల ఊళ్లో పుట్టి, రొయ్య దగ్గరికి వచ్చేసరికి ఆ జ్ఞానాన్నంతా గట్టు మీదే వదిలేశాం. రొయ్య చిన్నది, లక్షల్లో పుడుతుంది, ఒకదానికొకటి తేడా ఏముంటుందిలే అనుకున్నాం.

ఈ వ్యాసం ఆ "తేడా ఏముంటుందిలే" గురించే. ట్యాంకులో, చెరువులో తరాలు గడిచేకొద్దీ చిన్న జలచరాలు మారతాయి. మనం పనిగట్టుకుని మార్చకపోయినా మారతాయి. ఏరడం మానేసినంత మాత్రాన ఏరివేత ఆగదు. ఆ పని ట్యాంకు చేస్తుంది. దీన్ని లెక్కలో పెట్టుకోకుండా హేచరీలు నడపడం, నదుల్లో పిల్లలు వదలడం తప్పని నా గట్టి అభిప్రాయం.

నీలకంఠ రొయ్య బతుకు తీరు కొంచెం చెప్పాలి. అది మంచినీటిది, గోదావరిలో, కృష్ణలో ఉంటుంది. కానీ దాని పిల్ల మంచినీటిలో బతకదు. గుడ్డు మోసుకుంటున్న తల్లి వరద నీటితోపాటు కిందికి, ఉప్పునీరు కలిసే చోటికి దిగుతుంది. అక్కడ పొదిగిన లార్వా దాదాపు నెల రోజులు ఆ ఉప్పదనంలోనే పెరిగి, పిల్ల రూపానికి వచ్చాక అడుగున పాకుతూ, గట్లు పట్టుకుని మళ్లీ నదిలో పైకి ఎక్కుతుంది. ఈ సంగతి ప్రపంచానికి తెలిసి చాలా కాలం కాలేదు. 1961-62 ప్రాంతంలో మలేషియాలోని పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త ఈ ముడి విప్పాడు. మంచినీటిలో లార్వాలన్నీ చచ్చిపోతుంటే, విసిగిపోయి వంటింటి దినుసులు ఒక్కొక్కటీ వేసి చూశాడని, సోయా సాస్ వేసిన గిన్నెలోవి బతికాయని చెప్పుకుంటారు. ఆ సాస్‌లో ఉన్న ఉప్పు కిటుకు అది. ఆ తరవాత హవాయిలో ఫుజిమురా అనే ఆయన పెద్ద ఎత్తున పెంచే పద్ధతి తయారుచేశాడు. 1965లో మలేషియా నుంచి హవాయికి వెళ్లినవి నలభైకి మించని రొయ్యలు. వాటి సంతానమే తరవాత అమెరికా ఖండాల్లో ఎన్నో దేశాల చెరువుల్లోకి పాకింది.

నలభై అంటే తక్కువేం కాదు కదా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. కానీ రొయ్యకు ఉన్న చిక్కే అది. నదిలో బాగా ఎదిగిన నీలకంఠ తల్లి ఒక్క కాన్పులో 80 వేల నుంచి లక్ష గుడ్లు మోస్తుంది. అలాంటి పది తల్లులు దొరికితే హేచరీ నిండిపోతుంది. పదకొండోదాని కోసం ఎవరూ వెతకరు. ఆవుకైతే ఏడాదికి ఒక దూడ, కాబట్టి మంద పెరగాలంటే చాలా తల్లులు ఉండి తీరాలి. రొయ్యకు ఆ ఇబ్బంది లేదు. చెరువులో లక్ష పిల్ల ఉన్నా, అదంతా నాలుగైదు ఇళ్ల సంతానం కావచ్చు. పై నుంచి చూస్తే చెరువు కళకళలాడుతూనే ఉంటుంది.

ఇది మన ఇళ్లల్లో తెలిసిన లెక్కే. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డకు, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రెండు ప్రతులుగా వచ్చే అవకాశం ఒక్కో జన్యువుకు 12.5 శాతం. మేనబావ అయితే 6.25. ఇప్పుడు హేచరీలో నిజంగా సంతానం ఇస్తున్న తల్లిదండ్రులు పది మందికి సమానమైతే, ప్రతి తరానికీ ఈ దగ్గరితనం సుమారు 5 శాతం పేరుకుంటుంది. ఐదు తరాలకు 23 శాతం దగ్గరికి వస్తుంది. అన్నాచెల్లెళ్లకు పుట్టిన బిడ్డ విషయంలో అది 25 శాతం. నీలకంఠకు ఐదు తరాలంటే నాలుగైదేళ్లు. అంటే మేం ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా, రోజూ కష్టపడి పనిచేస్తూ, ఐదేళ్లలో ఒక చెరువు సరుకునంతా అన్నాచెల్లెళ్ల పిల్లల్లా చేసేయగలం.

ఇది ఊహాగానం కాదు. చేపల్లో దీన్ని ముందే కొలిచారు. కెనడాలో పనిచేసిన జన్యు శాస్త్రవేత్త రోజర్ డాయిల్, మన దేశానికి చెందిన ఏక్‌నాథ్ కలిసి కర్ణాటకలో బొచ్చె, రోహు వంటి కార్పు చేపల హేచరీలను పరిశీలించి 1990లో ఒక పేపరు వేశారు. పద్ధెనిమిది హేచరీల్లో ఈ "నిజంగా సంతానం ఇస్తున్న" సంఖ్య 3 నుంచి 30 మధ్య తేలింది. అంతకుముందు 1985లోనే వాళ్లిద్దరూ ఇంకో సంగతి చెప్పారు. హేచరీవాళ్లు తల్లి చేపల్ని ఉంచుకునే తీరు వల్లే, ఎవరూ కోరకుండానే, ఎదుగుదల ఏరివేతకు గురవుతోందని. అది చదివినప్పుడు నాకు ఆ టార్పాలిన్, ఆ చిన్న గుడ్డు రొయ్యల కుప్ప కళ్ల ముందు కనబడ్డాయి. ఆ పేపరు రెండు దశాబ్దాల ముందే వచ్చింది. నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివినవాణ్ణే. మాకు పాఠంలో ఎవరూ చెప్పలేదు, నేనూ వెతుక్కోలేదు.

ట్యాంకు ఎలా ఏరుతుందో దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను.

గుడ్డు నారింజ రంగు నుంచి బూడిద రంగుకు తిరిగిందంటే రెండు మూడు రోజుల్లో పొదుగుతుంది. పొదగడం ఎక్కువగా రాత్రిపూటే. తెల్లారి ట్యాంకు దగ్గర టార్చి వేస్తే కంటికి ఆననంత సన్నటి లార్వాలు వెలుతురు చుట్టూ మూగుతాయి. ఒక్కొక్కటీ వెల్లకిలా, తోక ముందుకు పెట్టి ఈదుతుంది. పెద్ద రొయ్య ఈదే తీరుకు పూర్తిగా విరుద్ధం. పదకొండు దశలు దాటాక, ఒక రోజు ఉన్నట్టుండి బోర్లా తిరిగి, గోడకో అడుగుకో అంటుకుంటుంది. "పిల్ల దిగింది" అనేవాళ్లం. ఆ మాట ట్యాంకుల దగ్గర వినబడగానే ఎంత టెన్షన్ ఉన్నా తీరిపోయేది.

కానీ అన్నీ ఒకే రోజు దిగవు. కొన్ని ఇరవై మూడో రోజుకే దిగుతాయి, కొన్ని నలభయ్యో రోజుకు గానీ దిగవు. ఎక్కువ భాగం దిగాక ట్యాంకు నడపడం నష్టం. లార్వాలకు మేతగా వేసే ఆర్టీమియా డబ్బా ఖరీదు, కరెంటు, మనుషులు. కాబట్టి దిగినవాటిని తీసుకుని, ఇంకా వెల్లకిలా ఈదుతున్నవాటిని నీళ్లతోపాటు కాలవలోకి వదిలేసేవాళ్లం. ఎన్నిసార్లు వదిలానో లెక్కలేదు. నదీముఖంలో అయితే ఆలస్యంగా దిగేది చెడ్డది కాదు. ఈ వారం వరద ఎక్కువై ముందు దిగినవి సముద్రంలోకి కొట్టుకుపోతే, ఆలస్యంగా దిగినవే వంశాన్ని నిలబెడతాయి. అందుకే ప్రకృతి రెండు రకాలనూ ఉంచింది. ట్యాంకులో ఆలస్యానికి ఒక్కటే శిక్ష.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మేతగా వేసే గుడ్డు కస్టర్డ్ నోట పెట్టనిది చస్తుంది. గాలి బుడగల హోరుకు, వందల్లో ఒకదాన్నొకటి రాసుకునే ఇరుకుకు తట్టుకోలేనిది చస్తుంది. శత్రువే లేడు కాబట్టి శత్రువును చూసి పారిపోయే చురుకుదనానికి ట్యాంకులో విలువ లేదు. పైగా అది మేత మీదికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, కాబట్టి నష్టం. వీటిలో ఏ ఒక్కటీ మేం రాసిపెట్టుకుని ఎంపిక చేసింది కాదు.

ఒకసారి యానాం వైపు నుంచి ఒక వేటగాడు గౌతమిలో పట్టిన గుడ్డు రొయ్యను బకెట్‌లో తెచ్చాడు. చెరువు తల్లులు ఇరవై, పాతిక గ్రాములు ఉంటే ఇది ఎనభై పైనే. దాన్ని మా తల్లుల ట్యాంకులోనే వేశాను. మా రొయ్యలకు నా చెయ్యి అలవాటు. ట్యాంకు అంచు మీద నీడ పడగానే మేత వచ్చిందని పైపుల్లోంచి బయటికి వచ్చేవి. ఇది మాత్రం అదే నీడ పడగానే తోకతో ఒక్క దెబ్బ కొట్టి, వెనక్కి దూసుకుపోయి, మూలన ఉన్న పెంకు కిందికి దూరింది. మూడు రోజులు అక్కడే. మేత ముట్టలేదు. రాత్రి టార్చి లేకుండా వెళ్లి చీకట్లో నిలబడితే బయటికి వచ్చిన చప్పుడు వినబడేది, లైటు వేయగానే మాయం. "ఇలాంటి మొండి సరుకు మనకొద్దు, ఇక తేవద్దను" అన్నారు ఓనరు. నాలుగో రాత్రి అది పొదిగింది. లార్వాలు ట్యాంకులో పొగలా కమ్ముకున్నాయి. మిగతా తల్లులన్నీ కలిసి ఇచ్చినన్ని అది ఒక్కటే ఇచ్చినట్టుంది.

ఆ పిల్ల ఏమైందో నేను చెప్పలేను. అన్నిటితో కలిపేశాం. ఏ తల్లి పిల్ల ఏదో రాసుకునే అలవాటు మాకు లేదు. ఒక చిన్న ట్యాంకు విడిగా పెట్టి, ఒక పుస్తకంలో నాలుగు లైన్లు రాసుకుని ఉంటే, నది పిల్లకూ చెరువు పిల్లకూ తేడా ఎంతో మా కళ్లతో మేమే చూసి ఉండేవాళ్లం. ఇరవై ఏళ్ల తరవాత కూడా నన్ను బాధపెట్టే సంగతి ఇది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నీడకు బెదరడం, బెదరకపోవడం పుట్టుకతో వచ్చిన తేడానా, పెంపకంతో వచ్చిందా? ఆ ఒక్క రొయ్యను చూసి చెప్పలేం. రెండూ వేరు. 2009లో గప్పీ చేపల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, అడవి (అంటే పెంపకంలో లేని) తల్లులకు పుట్టి ల్యాబ్‌లో పెరిగిన ఆడ గప్పీలను, నదిలో పట్టిన గప్పీలతో పోల్చారు. ల్యాబ్‌వాటి మెదడులో కొన్ని భాగాలు చిన్నగా ఉన్నాయి. ముందు భాగం 19 శాతం, చూపుకు సంబంధించిన భాగం 17 శాతం తక్కువ. ఈ తేడా జన్యువులది కాకపోవచ్చు. ఆ చేప చూసిన లోకమే చిన్నది, మెదడూ అందుకు తగ్గట్టే ఎదిగింది. అలాంటి మార్పు మళ్లీ నదిలో పుట్టి పెరిగే పిల్లకు అంటకపోవచ్చు. కాబట్టి ట్యాంకులో ప్రతి తేడానూ "జాతి చెడిపోయింది" అనడం నాకు ఇష్టం లేదు. బంధువుల మధ్య సంకరం వేరు, మనకు తెలియకుండా జరిగే ఏరివేత వేరు, పెరిగిన చోటు వేసే ముద్ర వేరు. హేచరీలో మూడూ ఒకేసారి జరుగుతుంటాయి, అందుకే రైతు కంటికి ఒకటే ముద్దగా "సీడు (పిల్ల) బాలేదు" అని కనబడతాయి.

పుట్టుకతో వచ్చే మార్పు కూడా ఎంత వేగంగా రాగలదో అమెరికాలోని ఆరెగాన్‌లో హుడ్ నది చూపించింది. అక్కడ స్టీల్‌హెడ్ ట్రౌట్ చేపల్ని హేచరీలో పుట్టించి, నదిలో వదులుతారు. సముద్రానికి పోయి తిరిగి నదికి వచ్చిన ప్రతి చేప నుంచీ నమూనా తీసి, ఏ పిల్లకు ఎవరు తల్లిదండ్రులో డీఎన్‌ఏతో తేల్చారు. 2007లో వచ్చిన ఫలితం ప్రకారం, హేచరీలో గడిపిన ప్రతి తరానికీ నదిలో సంతానం నిలబెట్టుకునే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. 2016లో అదే నది చేపల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. మొదటి తరం హేచరీ చేపల పిల్లల్నీ, అడవి చేపల పిల్లల్నీ ఒకే చోట ఒకేలా పెంచి పోలిస్తే, 700కు పైగా జన్యువులు పనిచేసే తీరులో తేడా ఉంది. గాయం మానడం, జబ్బును ఎదుర్కోవడం, తిన్నది ఒంటికి పట్టడం. ఎక్కువగా ఈ పనులకు సంబంధించినవే. ఇరుకులో ఒకదాన్నొకటి కొరుక్కుంటూ పెరిగే చోట ఇవే కదా ముందు కావలసినవి. ట్యాంకుకు పనికొచ్చే చేప ఒక్క తరంలోనే తయారైంది. అదే చేప నదికి పనికిరాకుండా పోయింది.

నన్ను ఇంతకన్నా ఆశ్చర్యపరిచింది జీబ్రా చేప. అది మన చేపే. గంగ, బ్రహ్మపుత్రల వరి చేల కాలువల్లో, గుంటల్లో ఉండే వేలెడు చారల చేప. 1822లో హామిల్టన్ దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. తరవాత అక్వేరియం వ్యాపారంలోకి వెళ్లింది. 1970ల్లో ఆరెగాన్‌లోనే పెట్ షాపులో కొన్న చేపల నుంచి, ప్రపంచమంతా వాడే ల్యాబ్ వంశాల్లో ముఖ్యమైనది ఒకటి మొదలైంది. హైదరాబాద్ సీసీఎంబీలో కూడా ఈ చేప మీద పరిశోధన జరుగుతుంది. ల్యాబ్ చేపలో ఆడ, మగ ఎలా నిర్ణయమవుతాయన్నది చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. ఎంత వెతికినా ఆ క్రోమోజోము దొరకలేదు. 2014లో అడవి వంశాలను పరీక్షిస్తే సంగతి బయటపడింది. బెంగాల్‌లోని నదియా, కూచ్ బెహార్ ప్రాంతాల నుంచి వచ్చిన చేపల్లో నాలుగో క్రోమోజోము మీద ఆడ, మగను తేల్చే భాగం చక్కగా ఉంది. ఎక్కువగా వాడే రెండు ల్యాబ్ వంశాల్లో అదే లేదు. కొద్ది చేపలతో, దగ్గరి సంకరాలతో నడిపిన ఆ కొన్ని దశాబ్దాల్లో ఎక్కడో జారిపోయింది. వేల ల్యాబుల్లో, లక్షల సార్లు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన జంతువులో, ఆడ మగ తేల్చే మూలమే పోతే గమనించడానికి అంత కాలం పట్టింది. నా హేచరీలో ఏం జారిపోయిందో నేనెలా గమనించగలను? నదిలో అసలు చేప ఇంకా ఉంది కాబట్టే పోలిక కుదిరింది. అదీ లేకపోతే, పోయిందన్న సంగతి కూడా తెలిసేది కాదు.

నీలకంఠ కథ మన దగ్గర ఏమైందో ఆ రోజుల్లో చెరువులు చేసినవాళ్లందరికీ గుర్తే. టైగర్ రొయ్యను తెల్లమచ్చ జబ్బు ఊడ్చేశాక చాలామంది దీనికి మారారు. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా ఊపందుకుంది. దేశం మొత్తం మీద 2005-06లో ఉత్పత్తి 42 వేల టన్నులు దాటింది. 2009-10 వచ్చేసరికి 7 వేల టన్నుల లోపుకు పడిపోయింది. అంతా దగ్గరి సంకరాల వల్లే అని నేననను. తెల్లతోక జబ్బు వచ్చింది, ఎగుమతి రేట్లు పడ్డాయి, 2009లో విదేశీ రొయ్య వనామికి అనుమతి రావడంతో అందరూ అటు పరిగెత్తారు. కానీ ఆ చివరి సంవత్సరాల్లో చెరువుల్లోకి దిగి చూసినవాణ్ణి. పదిహేను గ్రాములకే గుడ్డు కట్టిన ఆడవి, ఆరు నెలలైనా ఎదగని మగవి, ఒకే వలలో వేలెడువీ జానెడువీ కలిసి. "మూడేళ్ల కిందట ఇదే చెరువు, ఇదే మేత, ఇప్పుడేమైంది సార్?" అని అడిగిన రైతుకు నేను నీటి పరీక్ష చేయించమని చెప్పాను. నీళ్లు బాగానే ఉన్నాయి.

భువనేశ్వర్‌లోని సీఫా (కేంద్ర మంచినీటి జలచరాల పెంపకం సంస్థ), అంతర్జాతీయ పరిశోధన సంస్థ వరల్డ్‌ఫిష్‌తో కలిసి 2007లో మొదలుపెట్టిన పని దీనికి సరైన జవాబు. గుజరాత్, కేరళ, ఒడిశా నుంచి వేరువేరు వంశాలను తెచ్చి, కలిపి, ప్రతి కుటుంబానికీ గుర్తు పెట్టి, తరతరానికీ లెక్క రాస్తూ మెరుగైన నీలకంఠను తయారుచేశారు. అంతకుముందు రోహుతో కూడా ఇదే జరిగింది. 1992లో నార్వే సాయంతో ఐదు నదుల రోహును సేకరించి మొదలుపెట్టారు. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండిన 1997లో దాన్ని "జయంతి" పేరుతో విడుదల చేశారు. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల పెరిగిందని లెక్క. అంటే బందీలో పెంచడం దానంతట అదే చెడు కాదు. పునాదిలో ఎన్ని నదులున్నాయి, పుస్తకంలో ఎన్ని కుటుంబాలున్నాయి అన్నదాని మీద ఉంటుంది.

ఇప్పుడు నాకు రెండెకరాల వనామి చెరువు ఉంది, కాబట్టి దాని గురించీ చెప్పాలి. వనామి మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరపు రొయ్య. జబ్బులు లేని వంశాన్ని (దీన్నే ఎస్‌పీఎఫ్ అంటారు) 1990ల మొదట్లో హవాయిలో తయారుచేశారు. మనకు తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ దాటి హేచరీలకు చేరతాయి. ఎస్‌పీఎఫ్ అంటే జబ్బు రాని రొయ్య అని మన రైతుల్లో చాలామంది నమ్మకం. కాదు. ఫలానా జబ్బుల క్రిములు లేకుండా పెరిగిన రొయ్య అని మాత్రమే అర్థం. క్రిమే లేని చోట తరాలుగా పెరిగినదానికి క్రిమిని ఎదుర్కొనే అవసరం రాలేదు, ఆ అవసరం రానిచోట ఆ శక్తి కోసం ఏరివేతా జరగదు. పైగా 2002లో హవాయి బృందమే ప్రచురించిన ఫలితాల్లో, టౌరా అనే వైరస్‌ను తట్టుకునే గుణానికీ, వేగంగా ఎదిగే గుణానికీ చుక్కెదురుగా ఉంది. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గే వాలు. మనం కోరుకున్నది ఎదుగుదల. అదే దొరికింది.

అడవి టైగర్ తల్లుల్లో ఒక కంటి కాడను నొక్కి తీసేస్తే గానీ చాలావరకు హేచరీలో గుడ్డు పెట్టేవి కావు. వనామి తరాలుగా ట్యాంకుకు అలవాటుపడి, ఆ హింస లేకుండానే గుడ్డు పెట్టగలుగుతోందని ఈ మధ్య ప్రయోగాలు చూపించాయి. అలాంటి తల్లుల పిల్ల జబ్బుల్ని బాగా తట్టుకుందని కూడా తేలింది. ఇది ట్యాంకు చేసిన మేలు, ఒప్పుకోవాలి.

అసలు భయం అక్కడ లేదు. విదేశీ తల్లుల ఖర్చు భరించలేక కొందరు చెరువులో పెరిగిన రొయ్యనే తల్లిగా వాడుతున్నారు. అది నిషేధం, అయినా జరుగుతోంది. విత్తనం అమ్మే కంపెనీలు ఎవరూ కాపీ కొట్టకుండా దగ్గరి కుటుంబాలనే కలిపి పంపుతాయని, వాటి పిల్లల్ని మళ్లీ తల్లులుగా వాడితే దగ్గరి సంకరం ఒక్కసారిగా పెరుగుతుందని, ఆసియాలో రొయ్య జబ్బుల వెనక ఇదొక కారణం కావచ్చని, పైన చెప్పిన డాయిలే 2016లో వాదించాడు. ఆయన వాదన పూర్తిగా రుజువైందని అనను. కానీ చెరువు నుంచి తల్లుల్ని ఏరి తెచ్చిన చేతులు నావి. అది నడిచే తీరు నాకు తెలుసు. సీడు కొనేటప్పుడు మనం పీసీఆర్ రిపోర్టు అడుగుతాం, వైబ్రియో బాక్టీరియా లెక్క అడుగుతాం, రేటు పది చెబితే బేరమాడి తొమ్మిది చేయిస్తాం. తల్లులు ఎన్ని, ఏ బ్యాచ్, ఎన్నో తరం అని మాత్రం అడగం. అడగండి. వంద మంది అడిగితే పుస్తకం రాయడం మొదలుపెడతారు.

ఇంకొక్క విషయం, నదుల గురించి. తెలంగాణలో కొన్నేళ్లుగా చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉచితంగా చేప పిల్లలతోపాటు నీలకంఠ పిల్లలనూ వదులుతున్నారు. రిజర్వాయరులో నాకు అభ్యంతరం లేదు. అక్కడ ఉప్పునీరు లేదు కాబట్టి అది సంతతి పెంచలేదు. పెరిగినదాన్ని పట్టుకుంటారు, మత్స్యకారుడికి నాలుగు డబ్బులు వస్తాయి. ఆనకట్ట దిగువన, సముద్రం దాకా తెరిచి ఉన్న గోదావరిలో కథ వేరు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టాక పైకెక్కే పిల్లకు ముందే దారి మూసుకుపోయింది. కింద మిగిలిన అడవి వంశంలోకి, నలభై తల్లుల హేచరీ సంతానాన్ని లక్షల్లో కుమ్మరిస్తే హుడ్ నదిలో జరిగింది ఇక్కడ జరగదని ఎవరు హామీ ఇస్తారు? నదిలో వదలాలంటే అదే నదిలో ఆ ఏడాది పట్టిన తల్లుల పిల్లల్నే, వీలైనన్ని ఎక్కువ తల్లుల నుంచి, ట్యాంకులో ఒక్క రోజు కూడా అదనంగా ఉంచకుండా వదలాలి. అంతకన్నా చవకైన పని ఇంకోటి ఉంది. వరద నెలల్లో గుడ్డు రొయ్యను పట్టకుండా ఉండటం, పట్టినా తిరిగి వదిలేయడం.

పోయిన ఏడాది ఆగస్టులో, వరద తీస్తున్న రోజుల్లో, యానాం వెళ్లాను. రేవు దగ్గర ఒక పెద్దాయన వల సర్దుకుంటున్నాడు. పక్కనున్న బకెట్‌లో రెండు గుడ్డు రొయ్యలు. గుడ్లు బూడిద రంగుకు తిరిగాయి.

"బాబాయ్, ఈ రెండూ ఎంతకిస్తావ్?"

"కూరకా?"

"కాదు, నీళ్లలో వదిలేద్దామని."

నా మొహంలోకి ఒకసారి చూశాడు. "వదలడానికి డబ్బులెందుకురా అబ్బాయ్" అని గొణిగాడు గానీ, నేనిచ్చిన నోట్లు లుంగీ మడతలో పెట్టుకున్నాడు. "ఇక్కడొద్దు. ఇక్కడ వదిలితే మావాడే ఇంకొకడు పట్టేస్తాడు. పడవెక్కు."

కిందికి, నీళ్లు ఉప్పగా మారే వైపు అరగంట పోయాం. ఒక మడ చెట్ల పాయ దగ్గర ఇంజను ఆపి, నీళ్లు చేత్తో తీసుకుని నాలుకకు రాసి చూసుకుని, "ఇక్కడ" అన్నాడు. మొదటిదాన్ని నేను రెండు చేతుల్తో నీళ్లలోకి దించాను. నా నీడ దాని మీద పడింది. తోకతో ఒక్క దెబ్బ కొట్టి వెనక్కి దూసుకుపోయింది. రెండోదాన్ని ఆయన వదిలాడు.